జన్యుశాస్త్రం, ఎపిజెనెటిక్స్ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలి: మొదటి పేజీ నుంచి పరీక్ష హాలు వరకు

డిగ్రీలో జన్యుశాస్త్రం పేపరు రాసేవారు, పీజీ ప్రవేశ పరీక్షలకు, సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు చదివేవారు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. పాఠం అర్థమైనట్టే ఉన్నా లెక్క ఎందుకు రావడం లేదన్నది మొదటిది. ఎపిజెనెటిక్స్‌లో (డీఎన్‌ఏ వరుస మారకుండానే జన్యువుల పనితీరు మారడాన్ని చదివే శాస్త్రం) ఎంజైముల పేర్లు, హిస్టోన్ గుర్తులు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల మీద పడే రసాయన మార్పులు) రెండు వారాలైనా గుర్తుండడం లేదేమన్నది రెండోది. ఈ రెండింటికీ మూలం ఒకటేనని, అంటే పెన్సిల్ పట్టకుండా కళ్లతో మాత్రమే చదవడమేనని, ఎన్నో జవాబు పత్రాలు చూశాక నాకు గట్టిగా అనిపించింది. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టులోనూ చేతితో చేయవలసిన పని ఒకటి ఉంటుంది.

## 1. పుస్తకం తెరవడానికి ముందు

మీరు రాసే పరీక్ష ఏమి అడుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. డిగ్రీ పరీక్షలో నిర్వచనానికీ, పటానికీ, వివరణకూ మార్కులుంటాయి. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 200 మార్కులకు మూడు భాగాలుంటాయి. అందులో ‘సి’ భాగంలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. అక్కడ నిర్వచనాలతో పని జరగదు. ఇచ్చిన దత్తాంశం నుంచి నిర్ణయానికి రావడమే అక్కడి పని. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో బోర్డు మీద గీసి చూపమంటారు. చదవవలసిన విషయం ఒకటే అయినా సాధన వేరు.

ఆ తర్వాత మీ పునాదిని పరీక్షించుకోండి. నాలుగు క్రోమోజోములున్న ఒక కణాన్ని తెల్ల కాగితం మీద గీసి, క్షయకరణ విభజన (మియోసిస్) మొత్తం చూపండి. ప్రతి దశ పక్కన క్రోమోజోములెన్ని, క్రొమాటిడ్లెన్ని అన్నది రాయండి. డీఎన్‌ఏ ప్రతికృతి జరిగాక క్రోమోజోములు 4, క్రొమాటిడ్లు 8. మొదటి విభజన పూర్తయ్యాక ఒక్కో కణంలో క్రోమోజోములు 2, క్రొమాటిడ్లు 4. రెండో విభజన తర్వాత క్రోమోజోములు 2, అవి ఒంటి పోగులు. పుస్తకం చూడకుండా ఇది వచ్చేదాకా ముందుకు వెళ్లవద్దు. సహలగ్నత దగ్గర తడబడే విద్యార్థుల్లో చాలామందికి అసలు లోటు ఇక్కడే ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసినవి:

- పరీక్ష సిలబస్ ప్రతి, కనీసం ఐదేళ్ల పాత ప్రశ్నపత్రాలు
- లెక్కలకు ఒక పెద్ద నోటుపుస్తకం, తప్పులు రాసుకోవడానికి మరొక చిన్నది
- ఒకే ఒక్క ప్రామాణిక పాఠ్యపుస్తకం. రెండోది సందేహం వచ్చినప్పుడు చూడటానికే
- పదాల పుస్తకం

పదాల పుస్తకం గురించి ఒక మాట. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో ఇంగ్లిషుకు మారినవారు బహిర్గతం అంటే డామినెంట్, అంతర్గతం అంటే రిసెసివ్, యుగ్మవికల్పం అంటే అల్లీల్, సహలగ్నత అంటే లింకేజ్, అనులేఖనం అంటే ట్రాన్‌స్క్రిప్షన్ అని రెండు వరుసల్లో రాసుకోవాలి. పక్కనే సొంత మాటల్లో ఒక వాక్యం, ఒక ఉదాహరణ ఉండాలి. మాధ్యమం మారినందువల్ల పోయే మార్కులు తెలివి తక్కువై పోయేవి కావు. ఒకే భావానికి రెండు పేర్లున్నాయని ఎవరూ చెప్పకపోవడం వల్ల పోతాయి.

## 2. ఏది ముందు, ఏది తర్వాత

క్షయకరణ విభజన, మెండెల్ నియమాలు, సంభావ్యత, జన్యువుల పరస్పర చర్య, లింగ సహలగ్నత, మ్యాపింగ్, వంశవృక్ష విశ్లేషణ, జనాభా జన్యుశాస్త్రం: ఇది మొదటి సగం. డీఎన్‌ఏ ప్రతికృతి, అనులేఖనం, జన్యు నియంత్రణ, క్రొమాటిన్ నిర్మాణం, ఎపిజెనెటిక్స్, చివరిగా ప్రయోగ పద్ధతులు: ఇది రెండో సగం. న్యూక్లియోసోమ్ (హిస్టోన్ల చుట్టూ డీఎన్‌ఏ చుట్టుకున్న ఉండ) గీయడం రాకుండా హిస్టోన్ మార్పులు మొదలుపెట్టేవారు పట్టికలను బట్టీ పడతారు, నెల తిరక్కుండానే మరిచిపోతారు.

రోజుకు రెండు గంటలు ఇవ్వగలిగితే మొదటి సగానికి ఆరు వారాలు, రెండో సగానికి నాలుగు వారాలు సరిపోతాయి. చదవడానికి ముప్పావు గంట, లెక్కలకు గంట, నిన్నటి తప్పులు తిరిగి చేయడానికి పావుగంట కేటాయించండి.

## 3. నిష్పత్తులను గుర్తించడం

9:7, 9:3:4, 12:3:1, 15:1, 13:3, 9:6:1 అన్నీ 9:3:3:1 లోని గళ్లను కలపడం వల్ల వచ్చినవే. ప్రతి దానికీ పదహారు గళ్ల చదరం ఒక్కసారైనా గీసి, ఏ గళ్లు ఏ రంగులోకి కలిశాయో చూపండి. తర్వాత ఆ నిష్పత్తినిచ్చిన మొక్కకు పరీక్షా సంకరణం (అన్నీ అంతర్గత యుగ్మవికల్పాలే ఉన్న మొక్కతో సంకరణం) చేస్తే ఏమి వస్తుందో రాయండి. 9:7 అయితే 1:3, 9:3:4 అయితే 1:1:2, 12:3:1 అయితే 2:1:1, 9:6:1 అయితే 1:2:1. 15:1, 13:3 రెండింటికీ 3:1 వస్తుంది, అందువల్ల పరీక్షా సంకరణం ఒక్కటే చూసి ఆ రెండింటినీ విడదీయలేము. పోటీ పరీక్షలో ప్రశ్న తరచుగా ఈ రెండో వరుస నుంచే వస్తుంది.

కై-వర్గ పరీక్షను (వచ్చిన అంకెలు ఊహించిన నిష్పత్తికి సరిపోతాయో చూసే పరీక్ష) మెండెల్ సొంత అంకెలతోనే నేర్చుకోండి. 556 గింజల్లో 315, 101, 108, 32. ఊహించవలసినవి 312.75, 104.25, 104.25, 34.75. విలువ సుమారు 0.47 వస్తుంది. స్వేచ్ఛా పరిమితి (వర్గాల సంఖ్యకు ఒకటి తక్కువ) 3, హద్దు 7.815, కాబట్టి 9:3:3:1 పరికల్పనను తోసిపుచ్చలేము.

‘తోసిపుచ్చలేము’ అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. 160 మొక్కల్లో 90 ఊదా, 70 తెలుపు వచ్చాయనుకోండి. 9:7కు విలువ సున్నా, అచ్చంగా సరిపోయింది. అదే దత్తాంశాన్ని 1:1తో పోల్చినా విలువ 2.5 మాత్రమే వస్తుంది. స్వేచ్ఛా పరిమితి 1కి హద్దు 3.84 కనుక దాన్నీ తోసిపుచ్చలేము. సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. మరిన్ని మొక్కలు లెక్కించాలనో, మరో సంకరణం చేయాలనో రాసిన జవాబుకే పూర్తి మార్కులు వస్తాయి.

## 4. మూడు జన్యువుల మ్యాపింగ్: ఒక లెక్క మొత్తం

ఈ లెక్కను తొందరపడకుండా చేయండి. ఇక్కడ పట్టు చిక్కితే సహలగ్నతలో మిగతా లెక్కలు కష్టమనిపించవు. పి, క్యూ, ఆర్ అనే మూడు జన్యువులకు విషమయుగ్మజమైన (రెండు వేర్వేరు యుగ్మవికల్పాలున్న) ఆడ ఈగకు పరీక్షా సంకరణం చేయగా 1000 సంతానం వచ్చాయి. కూడిక గుర్తు సాధారణ రూపం, అక్షరం ఉత్పరివర్తిత రూపం.

- + + + : 414
- పి క్యూ ఆర్ : 410
- + క్యూ + : 49
- పి + ఆర్ : 47
- పి క్యూ + : 40
- + + ఆర్ : 36
- పి + + : 3
- + క్యూ ఆర్ : 1

మొదటి మెట్టు: అన్నింటికన్నా ఎక్కువ ఉన్న జంట జనక రూపాలు. ఇక్కడ 414, 410.

రెండో మెట్టు: అన్నింటికన్నా తక్కువ ఉన్న జంట రెండుసార్లు క్రాసింగ్ ఓవర్ జరిగి వచ్చినవి. ఇక్కడ 3, 1.

మూడో మెట్టు: ఆ రెండు జంటలను ఒకదాని కింద ఒకటి రాసి, జనక రూపంతో పోలిస్తే ఏ ఒక్క జన్యువు చోటు మారిందో చూడండి. + + + కింద పి + + రాస్తే మారింది పి. కనుక పి మధ్యలో ఉంది. అసలు వరుస క్యూ, పి, ఆర్. ప్రశ్నలో ఇచ్చిన వరుసనే అసలు వరుసగా తీసుకోవడం విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు.

నాలుగో మెట్టు: ఎనిమిది రూపాలనూ కొత్త వరుసలో తిరగరాయండి. ఈ పని వద్దనిపిస్తుంది, కానీ వదలవద్దు.

ఐదో మెట్టు: క్యూ, పి మధ్య దూరం 49, 47, 3, 1 కలిపితే 100, అంటే 10 మ్యాప్ యూనిట్లు. పి, ఆర్ మధ్య 40, 36, 3, 1 కలిపితే 80, అంటే 8 యూనిట్లు. రెండుసార్లు మారినవాటిని రెండు దూరాల్లోనూ కలపాలి. మరిచిపోతే 9.6, 7.6 వస్తాయి, ప్రశ్న తయారుచేసేవారు ఆ అంకెలనూ ఎంపికల్లో ఉంచుతారు.

ఆరో మెట్టు: రెండుసార్లు మారేవి ఎన్ని రావాలి? 0.10ని 0.08తో, ఆపై 1000తో గుణిస్తే 8. వచ్చినవి 4. ఏకకాలత గుణకం (వచ్చినవాటిని రావలసినవాటితో భాగిస్తే) 0.5, కాబట్టి దాన్ని 1లోంచి తీసేస్తే వచ్చే అవరోధం కూడా 0.5. ప్రశ్న ఈ రెండింటిలో దేన్ని అడిగిందో మళ్లీ చదివి రాయండి.

ఇలాంటి లెక్కలు పది చేశాక వేళ్లకు అలవాటు వస్తుంది. మొదటిదానికి అరగంట పట్టినా కంగారుపడవద్దు.

## 5. వంశవృక్షం, మేనరికం

వంశవృక్షం చూడగానే రుగ్మత పేరు ఊహించవద్దు. ఈ వరుసలో అడగండి:

1. దంపతుల మధ్య గీత ఒకటా, రెండా? రెండు గీతలంటే రక్తసంబంధ వివాహం.
2. రుగ్మత లేని తల్లిదండ్రులకు రుగ్మత ఉన్న బిడ్డ ఉన్నారా? ఉంటే అంతర్గతమని మొదట అనుకోవచ్చు.
3. అలాంటి బిడ్డ ఆడపిల్ల అయి, తండ్రికి రుగ్మత లేకపోతే ఎక్స్ సహలగ్న అంతర్గతం కాదు.
4. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందా? వస్తే సాధారణంగా ఎక్స్ సహలగ్నతను పక్కన పెట్టాలి.
5. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చి, తండ్రి నుంచి ఎవరికీ రాకపోతే మైటోకాండ్రియా వైపు చూడండి.

ఇక సంభావ్యత. ఒకతని అక్కకు శారీరక అంతర్గత (ఆటోసోమల్ రిసెసివ్) రుగ్మత ఉంది. అతనికీ, తల్లిదండ్రులకూ లేదు. అతను వాహకుడయ్యే అవకాశం 1/2 కాదు, 2/3. రుగ్మత లేదని తెలిసినప్పుడు నాలుగు గళ్లలో ఒకటి కొట్టేసి మిగిలిన మూడింటిలోనే చూడాలి. సంబంధం లేని కుటుంబపు అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఆ జనాభాలో వాహకులు 25లో ఒకరైతే, బిడ్డకు రుగ్మత వచ్చే అవకాశం 2/3 × 1/25 × 1/4, అంటే 1/150. అదే అతను ఆ అక్క కూతురిని, అంటే సొంత మేనకోడలిని చేసుకుంటే, ఆమెకు రుగ్మత లేకపోయినా తప్పనిసరిగా వాహకురాలే. అవకాశం 2/3 × 1 × 1/4, అంటే 1/6.

మన ఊళ్లలో అక్క కూతురినీ, మేనత్త, మేనమామ పిల్లలనూ చేసుకునే ఆచారం ఉంది కనుక, ఈ లెక్క మనకు పుస్తకానికే పరిమితమైనది కాదు. కుటుంబంలో రుగ్మత ఉందో లేదో తెలియనప్పుడు అంతఃప్రజనన గుణకం (బిడ్డకు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుంచి వచ్చే అవకాశం) వాడాలి: మేనమామ, మేనకోడలి సంతానానికి 1/8, మేనత్త మేనమామ బిడ్డల సంతానానికి 1/16. అంతర్గత యుగ్మవికల్పం పౌనఃపున్యం 1/50 అనుకుంటే, సాధారణంగా 2500 మందిలో ఒకరికి వచ్చే రుగ్మత మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో సుమారు 615లో ఒకరికి, మేనమామ, మేనకోడలి పెళ్లిలో సుమారు 351లో ఒకరికి వస్తుంది. సూత్రం: యుగ్మవికల్ప పౌనఃపున్యపు వర్గానికి, రెండు పౌనఃపున్యాల లబ్ధాన్ని గుణకంతో గుణించి కలపాలి. కుటుంబ చరిత్ర ఇచ్చిన లెక్కలో ఈ సూత్రం వాడకండి, ఇవ్వనిదానిలో 2/3 వాడకండి.

## 6. ఒకేలా కనిపించే నాలుగు విషయాలు

జన్యుశాస్త్రం నుంచి ఎపిజెనెటిక్స్‌లోకి దాటే వంతెన ఇదే. వ్యుత్క్రమ సంకరణాల (తల్లి, తండ్రి రూపాలను తారుమారు చేసిన సంకరణాల) ఫలితాలు వేరుగా వచ్చాయని ప్రశ్నలో ఇస్తారు. కారణం నాలుగింటిలో ఏదైనా కావచ్చు.

ఎక్స్ సహలగ్నతలో తేడా కొడుకులకూ కూతుళ్లకూ మధ్య కనిపిస్తుంది. మైటోకాండ్రియా వారసత్వంలో సంతానమంతా తల్లినే పోలుతుంది, ఎన్ని తరాలైనా తండ్రి రూపం తల్లి వరుసలోకి రాదు. మాతృ ప్రభావంలో బిడ్డ రూపాన్ని తల్లి జన్యురూపం నిర్ణయిస్తుంది. లిమ్నియా నత్త గుల్ల మెలికలో 3:1 నిష్పత్తి ఒక తరం ఆలస్యంగా, మూడో తరంలో కనిపించేది ఇందుకే. జన్యు ముద్రణలో యుగ్మవికల్పం ఎవరి నుంచి వచ్చిందన్నదే నిర్ణాయకం. పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 జన్యువు పాడైన యుగ్మవికల్పం తండ్రి నుంచి వస్తే ఎలుక పిల్ల చిన్నగా పుడుతుంది. అదే తల్లి నుంచి వస్తే మామూలుగా ఉంటుంది.

ఈ నాలుగింటికీ ఒకే పేజీలో, మూడు తరాల వరకు సంకరణాలు గీయండి. ఆ పేజీని పరీక్ష ముందురోజు చూడవలసినవాటిలో మొదటిదిగా పెట్టుకోండి.

ముద్రణలో విద్యార్థులు తప్పక తడబడే చోటు ఒకటుంది. ముద్ర జీవితాంతం నిలుస్తుంది కాబట్టి తర్వాతి తరానికీ అలాగే పోతుందనుకుంటారు. బీజకణాలు తయారయ్యేటప్పుడు పాత ముద్ర చెరిగి, ఆ వ్యక్తి లింగాన్ని బట్టి కొత్తది పడుతుంది. ఒక పురుషుడు తన తల్లి నుంచి పొందిన క్రోమోజోమును బిడ్డకిస్తే, అది తండ్రి ముద్రతోనే వెళుతుంది.

## 7. ఎపిజెనెటిక్స్‌ను ఐదు నిలువు గళ్లలో చదవడం

డీఎన్‌ఏ వరుస మారిందా, లేక వరుస అలాగే ఉండి వ్యక్తీకరణ మాత్రమే మారిందా? ప్రతి ఉదాహరణనూ ముందు ఈ ప్రశ్న అడగండి. తర్వాత గుర్తు, రాసేది, చదివేది, చెరిపేది, ఫలితం అని ఐదు గళ్లు గీసి సొంతంగా నింపండి.

- సైటోసిన్ మిథైలేషన్: కొత్తగా రాసేవి డీఎన్‌ఎమ్‌టీ3ఎ, 3బి; ప్రతికృతి తర్వాత నిలబెట్టేది డీఎన్‌ఎమ్‌టీ1, దానికి సగం మిథైలేషన్ ఉన్న చోటు చూపేది యూహెచ్‌ఆర్‌ఎఫ్1; ఆక్సీకరణతో తొలగింపు మొదలుపెట్టేవి టెట్ ఎంజైములు. ప్రమోటరు వద్ద ఉంటే సాధారణంగా జన్యువు మూగబోతుంది.
- హెచ్3కె27 (హెచ్3 హిస్టోన్‌లో 27వ స్థానపు లైసీన్) ట్రైమిథైలేషన్: రాసేది పీఆర్‌సీ2లోని ఈజెడ్‌హెచ్2, చదివేది క్రోమోడొమైన్, చెరిపేవి కెడిఎమ్6 ఎంజైములు, ఫలితం అణచివేత.
- హెచ్3కె9 ట్రైమిథైలేషన్: రాసేది ఎస్‌యూవీ39హెచ్1, చదివేది హెచ్‌పీ1, ఫలితం హెటిరోక్రొమాటిన్.
- హెచ్3కె4 ట్రైమిథైలేషన్: చురుకైన ప్రమోటర్ల వద్ద ఉంటుంది.
- హిస్టోన్ ఎసిటైలేషన్: రాసేవి హ్యాట్ ఎంజైములు, చదివేది బ్రోమోడొమైన్, చెరిపేవి హెచ్‌డ్యాక్ ఎంజైములు, క్రొమాటిన్ వదులవుతుంది.

మిథైలేషన్ అంటే జన్యువు ఆగిపోవడమని ఒక్క ముక్కలో గుర్తుపెట్టుకున్నవారు హెచ్3కె4 దగ్గర దెబ్బతింటారు. ఎసిటైలేషన్ లైసీన్ ధనావేశాన్ని తీసివేస్తుంది. మిథైలేషన్ ఆవేశాన్ని మార్చదు. అందువల్ల మిథైలేషన్ ఫలితం ఏ లైసీన్ మీద ఉందో, దాన్ని చదివే ప్రోటీన్ ఏదో అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ కారణం తెలిస్తే పట్టికలో సగం దానంతటదే గుర్తుంటుంది.

ఐజీఎఫ్2, హెచ్19 పటాన్ని రెండు గీతలుగా గీయండి. తల్లి క్రోమోజోములో నియంత్రణ ప్రాంతానికి మిథైలేషన్ లేదు, సీటీసీఎఫ్ అనే అడ్డుగా నిలిచే ప్రోటీన్ అంటుకుంటుంది, ఎన్‌హాన్సర్ (జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ భాగం) ఐజీఎఫ్2ను చేరలేక హెచ్19ను పనిచేయిస్తుంది. తండ్రిదానిలో మిథైలేషన్ ఉంది, సీటీసీఎఫ్ అంటుకోదు, ఐజీఎఫ్2 పనిచేస్తుంది. ఇప్పుడు సీటీసీఎఫ్ అంటుకునే చోట్లను తల్లి క్రోమోజోములో తీసేస్తే ఏమవుతుందో మీరే రాయండి. ఇంటర్వ్యూల్లో అడిగేది ఈ రకమైన ప్రశ్నలే. అలాగే 15వ క్రోమోజోము పొడుగు భుజంలో తండ్రి భాగం పోతే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్, తల్లి భాగం పోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్. రెండు ప్రతులూ తల్లి నుంచే వస్తే ఏది వస్తుందో ఆలోచించండి. తండ్రి ప్రతి లేదు కనుక ప్రాడర్-విల్లీ.

వ్యవసాయ కోర్సులవారు గోధుమ వంటి పంటల వెర్నలైజేషన్‌తో (చలి తగిలాకే పూత రావడం) పాటు, అరబిడాప్సిస్‌లో చలికి ఎఫ్‌ఎల్‌సీ జన్యువు హెచ్3కె27 ట్రైమిథైలేషన్‌తో మూగబోయే తీరును ఇదే పట్టికలో చేర్చుకోవాలి.

## 8. బైసల్ఫైట్ ఫలితం చదవడం

బైసల్ఫైట్ మిథైలేషన్ లేని సైటోసిన్‌ను యురాసిల్‌గా మారుస్తుంది, పీసీఆర్ తర్వాత అది టి గా కనిపిస్తుంది. మిథైలేషన్ ఉన్నది సి గానే మిగులుతుంది.

అసలు వరుస: టి సి జి ఎ సి టి సి జి
చదివిన వరుస: టి సి జి ఎ టి టి టి జి

రెండో స్థానంలో సి నిలిచింది, అక్కడ మిథైలేషన్ ఉంది. ఏడో స్థానంలో సి పోయి టి వచ్చింది, అక్కడ లేదు. ఇక ఐదో స్థానాన్ని వదలవద్దు. దాని పక్కన జి లేదు, అది టి గా మారింది. అంటే రసాయన చర్య సరిగా జరిగింది. జంతు శరీర కణాల నమూనాలో అలాంటి స్థానాలన్నీ సి గానే మిగిలితే, మిథైలేషన్ ఎక్కువని రాయకముందు చర్య పూర్తికాలేదేమోనని అనుమానించాలి. మొక్కల్లో మాత్రం అలాంటి చోట్ల కూడా మిథైలేషన్ సహజమే. మామూలు బైసల్ఫైట్ పద్ధతి మిథైల్ సైటోసిన్‌నూ, హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్‌నూ విడదీయలేదన్నది మరో తరచు ప్రశ్న.

హెచ్‌పీఏ2, ఎమ్‌ఎస్‌పీ1 ఎంజైములు రెండూ సి సి జి జి చోటునే కోస్తాయి. లోపలి సి మీద మిథైలేషన్ ఉంటే హెచ్‌పీఏ2 కోయలేదు, ఎమ్‌ఎస్‌పీ1 కోస్తుంది. జెల్ పట్టీలు గీసి సాధన చేయండి.

## 9. తప్పుల పుస్తకం ఎలా రాయాలి

‘తప్పు, సరైన జవాబు బి’ అని రాస్తే ఉపయోగం లేదు. ఏ మెట్టులో తప్పిందో రాయాలి: ప్రశ్న సరిగా చదవలేదా, భావం తెలియదా, గుణకారమా. పెనిట్రెన్స్ (ఆ జన్యురూపం ఉన్నవారిలో ఎంతమందిలో లక్షణం కనిపిస్తుందన్నది), ఎక్స్‌ప్రెసివిటీ (ఎంత తీవ్రంగా కనిపిస్తుందన్నది) తారుమారు కావడం, పునఃసంయోజక పౌనఃపున్యం 50 శాతం దాటినట్టు లెక్క రావడం, హార్డీ-వైన్‌బర్గ్‌లో రుగ్మత ఉన్నవారి సంఖ్యనే యుగ్మవికల్ప పౌనఃపున్యంగా తీసుకోవడం అందరి పుస్తకాల్లోనూ కనిపిస్తాయి. మూడు రోజుల తర్వాత ఒకసారి, రెండు వారాల తర్వాత మరోసారి అవే లెక్కలు కొత్తగా చేయండి. రెండుసార్లు సరిగా వస్తే కొట్టేయండి.

## 10. చివరి పది రోజులు, పరీక్ష హాలు

కొత్త అధ్యాయం తెరవకండి. పాత ప్రశ్నపత్రం ఒకటి రోజు విడిచి రోజు గడియారం పెట్టుకుని రాయండి, మధ్య రోజున దాన్ని దిద్దుకోండి. ఈ కింది వాటికి పుస్తకం చూడకుండా టిక్ పెట్టగలగాలి:

- క్షయకరణ విభజన పటం, దశల వారీ సంఖ్యలతో
- ఆరు సవరించిన నిష్పత్తులు, వాటి పరీక్షా సంకరణాలు
- మూడు జన్యువుల లెక్క పదిహేను నిమిషాల్లో
- 2/3 నియమం, అంతఃప్రజనన గుణకం ఎక్కడ ఏది
- వ్యుత్క్రమ సంకరణాల నాలుగు కారణాలు
- ఐదు గళ్ల పట్టిక, ఐజీఎఫ్2 పటం
- బైసల్ఫైట్ వరుస ఒకటి

హాలులో, నెట్ ‘సి’ భాగంలాంటి చోట, ప్రశ్న చదివిన నిమిషంలో రఫ్ కాగితం మీద మొదటి మెట్టు రాయగలిగినవాటికే ముందు సమయమివ్వండి. తప్పు జవాబుకు కోత ఉంటుంది కాబట్టి, రెండు ఎంపికలను కారణంతో కొట్టేయలేని ప్రశ్నను వదిలి ముందుకు వెళ్లండి. ‘కానిది’, ‘తప్ప’ అన్న మాటల కింద గీత గీయండి. డిగ్రీ పరీక్షలో లెక్కకు జవాబు ఒక్కటే రాయకుండా మెట్లన్నీ రాయండి. చివరి గుణకారం తప్పినా వరుస సరిగా ఉంటే మార్కులు దక్కే వీలుంది.